గోడకెక్కిన గంజీఫా

(రేడియో ప్రసంగ పాఠం)

సింగపూర్ నుంచి మాట్లాడుతున్నాను. నేను వృత్తిరీత్యా ఐటీ కన్సల్టెంట్‌ని. పొద్దున లేస్తే సర్వర్లు, ప్రాజెక్టు ప్లాన్లు, కాన్ఫరెన్స్ కాల్సు. చరిత్ర చదువుకున్నవాణ్ణి కాను. అలాంటి నేను ఈరోజు మీతో చరిత్ర గురించి మాట్లాడటానికి కారణం మా ఇంట్లో ఒక గోడ.

ముందుగా మిమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతాను. మీ ఇంటి హాల్లో ఒక నిర్మల్ పెయింటింగ్ ఉందా? నల్లటి పలక మీద బంగారు రంగులో వీణ వాయిస్తున్న అమ్మాయో, అడవిలో లేళ్ళో ఉంటాయి చూడండి, అది. లేకపోతే షోకేసులో పొణికి కర్రతో చేసిన పండ్ల బొమ్మలో, పిట్టల బొమ్మలో ఉన్నాయా? సింగపూర్లో నేను వెళ్ళిన తెలుగువాళ్ళ ఇళ్ళలో ఇలాంటిదేదో ఒకటి దాదాపుగా కనిపిస్తుంది. ఇండియా నుంచి వచ్చేటప్పుడు సూట్‌కేసులో పచ్చళ్ళ పక్కన చీరల మధ్య జాగ్రత్తగా పెట్టుకుని తెచ్చుకున్నవే అవన్నీ.

ఆ నిర్మల్ చిత్రకారుల చేతి నుంచి ఒకప్పుడు ఇంకో వస్తువు కూడా వచ్చేది. అది గోడకు తగిలించేది కాదు, అరచేతిలో పట్టుకునేది. గుండ్రంగా, చిన్న బిళ్ళంత ఉండే పేకముక్క. దాని పేరు గంజీఫా. మా ఇంటి గోడ కథ ఆ ముక్కలతోనే మొదలయింది.

మా పూర్వీకులది నిర్మల్ దగ్గర పల్లెటూరు. అప్పట్లో ఆదిలాబాద్ జిల్లా, 2016 అక్టోబర్ నుంచి నిర్మలే ఒక జిల్లా. మా ముత్తాత నిజాం కాలంలో పట్వారీ, అంటే ఆంధ్రా ప్రాంతంలో కరణం అంటారే, ఆ ఉద్యోగం. ఆయన కచేరీ కాగితాలన్నీ ఎప్పుడో చెదలకు పోయాయి. మిగిలినవి ఒక చెక్కపెట్టె, అందులో 73 గుండ్రటి ముక్కలు. ఒక్కో దాని మీద వేలి గోరంత బొమ్మలు. చేప, తాబేలు, గొడ్డలి, విల్లు, ఆవు. చిన్నప్పుడు వేసవి సెలవులకు వెళితే ఆ పెట్టె చూసేవాణ్ణి కానీ ముట్టుకోనిచ్చేవారు కాదు.

2018లో ఇక్కడ సెంగ్‌కాంగ్‌లో రీసేల్ ఫ్లాట్ కొనుక్కుని గృహప్రవేశం చేసుకున్నప్పుడు మా నాన్నగారు ఆ పెట్టె తెచ్చి నా చేతిలో పెట్టారు. "మన ఇంటి గుర్తు, నీ దగ్గర ఉండనీ" అన్నారు.

ఇంతకీ ఆ ముక్కలేమిటో, ఎక్కడివో అప్పటికి నాకు తెలియదు. తర్వాత చదివి తెలుసుకున్న సంగతులు ముందు చెప్తాను, అప్పుడు నేను చేసిన పొరపాటు మీకు బాగా అర్థమవుతుంది.

గంజీఫా అనే మాట పర్షియన్ భాష నుంచి వచ్చింది. మన దేశంలో ఈ ఆట గురించి కచ్చితమైన ప్రస్తావన బాబర్ ఆత్మకథలో ఉంది. 1527లో ఆయన సింధు ప్రాంతంలోని షా హసన్‌కు గంజీఫా పంపించానని, అతను అది కావాలని అడిగాడని రాసుకున్నాడు. బాబర్ మనవడు అక్బర్‌కు ఈ ఆటంటే ఇష్టం. అబుల్ ఫజల్ తన అయినీ అక్బరీలో 12 రంగులు, రంగుకు 12 చొప్పున 144 ముక్కల ఆటను వర్ణించాడు. ఆ రంగుల పేర్లు వింటే తెలుగువాడికి చెవులు నిక్కబొడుచుకుంటాయి. అశ్వపతి, గజపతి, నరపతి! మన చరిత్రలో నరపతులంటే విజయనగర రాజులు, గజపతులంటే ఒరిస్సా రాజులు, అశ్వపతులంటే గుర్రపు దళాల సుల్తానులు. పేకముక్క మీద గజపతి అంటే ఏనుగుల బలం గల రాజు, ఒరిస్సా రాజు లాంటివాడు, అని అబుల్ ఫజలే వివరణ ఇచ్చాడు. అంటే ఆనాటి రాజకీయ పటం మొత్తం పేకముక్కల మీదికి ఎక్కిందన్నమాట.

మామూలుగా ఎక్కువమంది ఆడింది 8 రంగులు, 96 ముక్కల ఆట. కిరీటం, ఖడ్గం, బంగారు నాణెం, వెండి నాణెం, ఇలాంటి గుర్తులుండేవి. ఈ ఆట దక్షిణాదికి, ఇతర ప్రాంతాలకు పాకిన కొద్దీ మనవాళ్ళు తమకు నచ్చినట్టు మార్చుకున్నారు. అలా వచ్చిందే దశావతార గంజీఫా. 10 అవతారాలు, అవతారానికి 12 ముక్కలు, మొత్తం 120. ప్రతి రంగులోనూ ఒక రాజు, ఒక మంత్రి, 1 నుంచి 10 దాకా అంకెల ముక్కలు. మత్స్యావతారానికి చేప, కూర్మానికి తాబేలు, పరశురాముడికి గొడ్డలి గుర్తులు. మిగిలిన గుర్తులు ప్రాంతాన్ని బట్టి కొంచెం మారుతుంటాయి. మైసూరులో మూడవ కృష్ణరాజ ఒడయరుగారు ఇంకా ముందుకెళ్ళి 360 ముక్కల ఆట దాకా కల్పించారు. అన్ని ముక్కలు గుర్తుపెట్టుకుని ఆడినవాళ్ళకు నమస్కారం పెట్టాలి.

ముక్కల్లో తరగతులుండేవి. రాజుగారి దర్బారులో ఏనుగు దంతం మీద, తాబేటి చిప్ప మీద బొమ్మలు వేసినవి వాడేవారు. మామూలు జనానికి బజారు రకం. పాత గుడ్డనో, చేత్తో చేసిన కాగితాన్నో పొరలు పొరలుగా చింతగింజల జిగురుతో అంటించి, సుద్ద పూసి, నున్నటి రాయితో రుద్ది, గుండ్రంగా కత్తిరించేవారు. దాని మీద సన్నటి కుంచెతో బొమ్మ వేసి, వెనక లక్క పూసేవారు. ప్రతి ముక్క వెనక భాగం ఒకే రంగులో, ఏ మచ్చా లేకుండా ఉండాలి. వెనక మచ్చ ఉంటే ఎదుటివాడు ముక్కను గుర్తుపట్టేస్తాడు కదా!

మహారాష్ట్రలో సావంత్‌వాడి, బెంగాల్లో విష్ణుపూర్, ఒరిస్సాలో రఘురాజ్‌పూర్, కర్ణాటకలో మైసూరు, ఇవన్నీ గంజీఫా ముక్కలకు పేరుపడ్డ ఊళ్ళు. తెలుగునేల మీద ఆ పేరు నిర్మల్‌ది. అక్కడి చిత్రకారులను నకాషీలు అంటారు. నక్ష్ అంటే చిత్రం, చిత్రం వేసేవాడు నకాష్. చేర్యాల పటాలు వేసేవాళ్ళదీ అదే పేరు. పల్లకీలకు రంగులేయడం, పెట్టెల మీద లతలు గీయడం, బొమ్మలు చేయడం, పేకముక్కలు రాయడం, ఇవన్నీ ఆ చేతుల పనులే.

మరి ఆ ముక్కలు ఏమయ్యాయి? ఒక్కమాటలో చెప్పాలంటే అచ్చుయంత్రం మింగేసింది. లండన్లో థామస్ డిలారూ 1830లలోనే పేకముక్కలను రంగుల్లో అచ్చువేయడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత యూరప్ నుంచి అచ్చు పేకలు ఓడల మీద మన రేవులకు చేరాయి. 52 ముక్కలు, చవక, తేలిక, చేతిలో విసనకర్రలా పట్టుకోవచ్చు. ఒక నకాషీ కుటుంబం రోజుల తరబడి కూర్చుని 120 ముక్కలు రాస్తే వచ్చే పేక దీనితో ఎలా పోటీ పడుతుంది? దానికి తోడు రమ్మీ వచ్చింది, బ్రిడ్జి వచ్చింది. తరం మారేసరికి గంజీఫా ఆడేవాళ్ళు తగ్గారు, ఆడేవాళ్ళు తగ్గేసరికి రాసేవాళ్ళకు పని పోయింది.

ఇక్కడే నిర్మల్ కథ మలుపు తిరుగుతుంది. ముక్కలకు గిరాకీ పోయినా నకాషీల కుంచె ఆగలేదు. అదే సుద్ద, అదే చింతగింజల జిగురు, అదే సన్నటి గీత పొణికి కర్ర బొమ్మల మీదికి, చెక్క పలకల మీదికి, ట్రేల మీదికి, కుర్చీలు బల్లల మీదికి మారాయి. 1950లలో కళాకారులు సహకార సంఘంగా ఏర్పడ్డారు. ప్రభుత్వ హస్తకళల దుకాణాలు, ముందు లేపాక్షి, తెలంగాణ వచ్చాక గోల్కొండ, వాటిని పట్నవాసుల ఇళ్ళలోకి చేర్చాయి. కొత్తగా ఇల్లు కట్టుకున్న ఉద్యోగస్తుడు డ్రాయింగ్ రూములో సోఫా పైన ఒక నిర్మల్ చిత్రం తగిలించుకోవడం ఒక మర్యాద అయింది. 2009లో నిర్మల్ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇప్పుడు పొణికి చెట్లు అడవిలో తగ్గిపోవడం వాళ్ళకున్న పెద్ద కష్టం, కానీ పని మాత్రం బతికే ఉంది.

కాబట్టి ఇంటి అలంకరణ అన్నది తక్కువగా చూడాల్సిన విషయం కాదు. మన డ్రాయింగ్ రూము గోడలే లేకపోతే ఆ నకాషీల పిల్లలు ఎప్పుడో కుంచె వదిలేసి ఏ కూలిపనికో వెళ్ళిపోయేవారు. ఈ సంగతి ఒప్పుకున్నాకే నా పొరపాటు చెప్తాను.

సింగపూర్ ఇళ్ళ గురించి తెలియని శ్రోతల కోసం ఒక మాట. ఇక్కడ నూటికి 75 మందికి పైగా హెచ్‌డీబీ అనే ప్రభుత్వ సంస్థ కట్టిన ఫ్లాట్లలోనే ఉంటారు. 1960లో మొదలైన సంస్థ అది. మా బ్లాకులో మా ఫ్లాటు, పై ఫ్లాటు, కింది ఫ్లాటు అన్నీ ఒకే అచ్చు. తలుపు తీస్తే హాలు ఎక్కడ, వంటిల్లు ఎక్కడ అని ఎవరినీ అడగక్కర్లేదు. అందుకే ఇక్కడివాళ్ళకు ఇంటీరియర్ డిజైన్ అంటే అంత పట్టింపు. పక్కింటికీ మనింటికీ తేడా కనిపించేది గోడల లోపలే కదా. ఫీచర్ వాల్ అని ఒక గోడను ప్రత్యేకంగా తీర్చిదిద్దడం మామూలు.

మా ఇంటికొచ్చిన డిజైనర్ ఒక చైనీస్ కుర్రాడు. ఆ చెక్కపెట్టె చూసి కళ్ళు పెద్దవి చేశాడు. "ఇంత అందమైనవి పెట్టెలో ఎందుకు దాచావు? గుండ్రంగా ఉన్నాయి, రంగులున్నాయి, లేతబూడిద రంగు గోడ మీద అద్దం బిగించిన ఫ్రేములో వరుసగా పెడితే ఇల్లంతా వెలిగిపోతుంది" అన్నాడు. నాకూ నచ్చింది. నా భార్య ఒక్కతే, "ఒకసారి ఊళ్ళో బాపమ్మనడిగితే?" అంది. తెలంగాణలో మేము నాన్నగారి అమ్మను బాపమ్మ అంటాం. అప్పటికి ఆమెకు 87 ఏళ్ళు. పెద్దావిడకు ఇవన్నీ ఎందుకులే అన్నాను.

ఫ్రేము కట్టే దుకాణంలో ఇచ్చాను. 73 ముక్కలు, 8 వరుసలు, పైవరుసలో రాజులు. గోడకు బిగించాక నిజంగానే అద్భుతంగా ఉంది. దీపావళికి వచ్చిన స్నేహితులందరూ దాని ముందు నిలబడి ఫొటోలు తీసుకున్నారు. "ఇవి కోస్టర్లా?" అని ఒకాయన, "హ్యాండ్‌మేడ్ గ్రీటింగ్ కార్డులా?" అని ఒకావిడ. నేనూ గొప్పగా "మా ముత్తాతగారివి" అని చెప్పేవాణ్ణి. "ఇదేం ఆట? ఎలా ఆడతారు?" అని ఒక స్నేహితుడి కొడుకు అడిగితే మాత్రం నా దగ్గర జవాబు లేదు.

2020 ఏప్రిల్‌లో ఇక్కడ సర్క్యూట్ బ్రేకర్ పేరుతో లాక్‌డౌన్ పెట్టారు. ఇంట్లోంచే పని. ఆ గోడ ముందే నా బల్ల వేసుకున్నాను. రోజూ సాయంత్రం ఊరికి వీడియో కాల్ చేసేవాళ్ళం. అంతకుముందు ఫోన్లో మాటలేగానీ బాపమ్మ మా ఇల్లు చూసింది లేదు. ఒకరోజు మా నాన్నగారు ఫోన్ ఆమె చేతికిచ్చారు. ఆమె నన్ను చూడటం మానేసి నా భుజం మీదుగా వెనక్కి చూస్తోంది.

"అవేంది బిడ్డా, నీ ఎనక?"

"మన పెట్టెలోని పత్తాలు బాపమ్మా. ఫ్రేము కట్టించిన. మంచిగున్నయా?"

కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అంది. "ఆడేతందుకు చేసిన పత్తాలను గోడకు ఉరేస్తివా బిడ్డా?"

కోపం లేదు ఆ గొంతులో. అదే నాకు ఎక్కువ బాధనిపించింది.

ఆమెకు ఆ ఆట వచ్చని నాకు అప్పుడే తెలిసింది. 14 ఏళ్ళకు ఆ ఇంటికి కోడలిగా వచ్చిందట. వాళ్ళ అత్తగారు మధ్యాహ్నం పూట వంటయ్యాక కూర్చోబెట్టి నేర్పించేదట. మగవాళ్ళు కచేరీ అరుగు మీద ఆడితే ఆడవాళ్ళు వెనక వసారాలో ఆడేవారట. ఆ ఊళ్ళో ఆట తెలిసినవాళ్ళలో ఇప్పుడు తాను తప్ప ఎవరూ మిగల్లేదని కూడా అంది.

మరుసటి రోజు నుంచి రోజుకో అరగంట ఆమె చెప్పడం, నేను ఫోన్లో రికార్డు చేయడం మొదలుపెట్టాం. మా అమ్మాయికి అప్పుడు 8 ఏళ్ళు. బడి కూడా ఇంట్లోంచే కాబట్టి అదీ పక్కన చేరేది.

ఆట సంగతి క్లుప్తంగా చెప్తాను. ముగ్గురు ఆడాలి. గుండ్రటి ముక్కలను మన పేకలాగా కలపడం కుదరదు. అందుకని ఒక బట్ట పరిచి దాని మీద పోసి చేత్తో కలుపుతారు. ఒక్కొక్కరికి 40 ముక్కలు వస్తాయి. ఆట కుడివైపుకు తిరుగుతుంది. తురుపు అనేది లేదు. ఏ రంగులోనైనా రాజు పెద్ద, తర్వాత మంత్రి. ఆ కింద తమాషా ఉంది. 5 అవతారాల రంగుల్లో 10 పెద్దది, 1 చిన్నది. మిగతా ఐదింటిలో అది తిరగబడి 1 పెద్దదవుతుంది, 10 చిన్నదవుతుంది. పడిపోయిన ముక్కలన్నీ గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే ఇప్పుడు బయట మిగిలినవాటిలో ఏది పెద్దదో తెలిస్తేనే గెలుస్తారు. ఆట మొత్తం జ్ఞాపకం మీదే నడుస్తుంది.

అన్నిటికన్నా నాకు నచ్చిన నియమం ఇంకోటుంది. పగలు ఆడితే ఎవరి దగ్గర రాముడి రాజు ఉంటే వాళ్ళు ఆట మొదలుపెట్టాలి. పొద్దు గూకాక ఆడితే కృష్ణుడి రాజు ఉన్నవాళ్ళు మొదలుపెట్టాలి. 8 రంగుల ఆటలోనూ అంతే, పగలు బంగారు నాణెం, రాత్రి వెండి నాణెం. సూర్యుడు, చంద్రుడు అన్నమాట. గడియారం లేని ఇంట్లో పుట్టిన ఆట కదా, ఆకాశాన్ని చూసి ఆడేవారు. "సలికాలం ఐదున్నర దాటంగనే కృష్ణుడు వస్తడు, ఎండాకాలం రాముడు జల్ది పోడు" అని బాపమ్మ నవ్వేది. మా సింగపూర్ భూమధ్యరేఖకు దగ్గర కాబట్టి ఏడాది పొడుగునా పొద్దు ఏడు గంటల అటూ ఇటూనే గూకుతుంది. "మీ దేశంల కృష్ణుడు నౌకరి చేస్తుండా ఏంది, రోజూ ఏడింటికే వస్తడు" అని ఆమె అంటే మా అమ్మాయి పడీపడీ నవ్వింది.

ఆడదామంటే ముక్కలు గోడ మీద ఉన్నాయి. జూన్‌లో ఫ్రేము దించాను. అప్పుడు తెలిసింది అసలు సంగతి. దుకాణంవాళ్ళు ప్రతి ముక్కనూ వెనకవైపు గట్టి జిగురుతో అట్టకు అంటించేశారు. పైగా ఇక్కడి గాలిలో తేమ ఎక్కువ, సగటున 80 శాతం పైనే. రెండేళ్ళలో ఆ తేమకు కాగితం పొరలు ఉబ్బాయి. కొన్నిటి అంచుల్లో బూజు చుక్కలు. నేను, నా భార్య వారం రోజులు కూర్చుని సన్నటి బ్లేడుతో ఒక్కొక్కటీ లేపాం. 62 బయటపడ్డాయి. 11 ముక్కల వెనక లక్క, కాగితం పొర అట్టకే ఉండిపోయి ముక్క చిరిగిపోయింది. చిరిగినవాటిలో రాముడి రాజు ఒకటి. పెట్టెలో 70 ఏళ్ళు చెక్కుచెదరకుండా ఉన్నది, నా గోడ మీద రెండేళ్ళు ఉండలేకపోయింది. తప్పు దుకాణంవాళ్ళది కొంత ఉన్నా, ఇవేమిటో చెప్పకుండా అప్పగించిన నాది ఎక్కువ.

ఆ వారంలోనే మా ఎదురింటి ఆంటీతో మాట్లాడే అవకాశం వచ్చింది. ఆవిడ పెరనాకన్, అంటే ఈ ప్రాంతంలో ఎప్పుడో స్థిరపడి మలయ్ అలవాట్లతో కలిసిపోయిన చైనీస్ వంశం. ప్రతి ఏడాది చైనీస్ కొత్త సంవత్సరానికి వచ్చే ఎర్ర హోంగ్‌బావ్ కవర్లను పారేయకుండా మడిచి, అంటించి లాంతర్లు చేసి తలుపు ముందు వేలాడదీస్తుంది. ఆ లాంతర్ల విద్య ఇక్కడ చాలా ఇళ్ళలో ఉంది. నా ముక్కలు చూసి లోపలికెళ్ళి ఒక డబ్బా తెచ్చింది. అందులో సన్నగా పొడుగ్గా ఉన్న కాగితపు ముక్కలు. చెర్కి అంటారట. 30 రకాలు, రెండేసి చొప్పున 60. వాళ్ళ అమ్మమ్మల కాలంలో న్యోన్యా ఆడవాళ్ళు మధ్యాహ్నాలు కూర్చుని ఆడుకునే ఆట. "ఇప్పుడు ఈ బొమ్మలు దిండు గలీబుల మీద వేస్తున్నారు, పింగాణీ మీద వేస్తున్నారు. మా మనవరాలికి బొమ్మ తెలుసు, ఆట తెలియదు" అంది. మా బాపమ్మ ఆవిడ నోటితో మాట్లాడినట్టనిపించింది.

అప్పుడు నాకు ఒక విషయం తోచింది. మీతో పంచుకోవాలని ఇంతదూరం వచ్చింది అందుకే. బొమ్మకు గోడ చాలు. గోడ మీద ఉంటే ఎవరో చూస్తారు, నచ్చితే ఇంకోటి కొంటారు, చిత్రకారుడి ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. ఆటకు మాత్రం గోడ చాలదు. దానికి ముగ్గురు మనుషులు, ఒక బట్ట, ఒక మధ్యాహ్నం కావాలి. నేర్పేవాళ్ళుండాలి, నేర్చుకునేవాళ్ళుండాలి. 1933లో జర్మనీ నుంచి బొంబాయి వచ్చిన రుడాల్ఫ్ ఫాన్ లైడెన్ అనే కళావిమర్శకుడు ఏళ్ళ తరబడి గంజీఫా ముక్కలు సేకరించి, 1982లో లండన్లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం సేకరణ మీద పుస్తకం రాశాడు. ముక్కల గురించి మనకీనాడు తెలిసిన దాంట్లో ఆయన శ్రమ చాలా ఉంది. సావంత్‌వాడిలో రాజకుటుంబమే 1970లలో పూనుకుని చిత్రకారులను మళ్ళీ కూర్చోబెట్టింది. మైసూరు గంజీఫాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ముక్కలను కాపాడటానికి ఇలా కొందరు పెద్దవాళ్ళు నిలబడ్డారు. ఒక ఇంటి ఆటను కాపాడటం మాత్రం ఆ ఇంటివాళ్ళ పనే, ఏ మ్యూజియమూ మన వసారాలోకి వచ్చి ఆడదు.

సరే, 120లో 62 ఉన్నాయి, ఇంకా 58 కావాలి. మా అమ్మాయి "మనమే చేద్దాం నాన్నా" అంది. దుకాణాలు తెరిచాక బ్రాస్ బసా కాంప్లెక్సులో చేత్తో చేసిన కాగితం కొన్నాం. టెక్కా మార్కెట్లో గింజలున్న చింతపండు కొన్నాం. గింజలు వేయించి, నానబెట్టి, పొట్టు తీసి, రుబ్బి, ఉడికిస్తే జిగురొచ్చింది. వంటిల్లంతా రెండు రోజులు అదే వాసన. నాలుగు పొరలు అంటించి నా మాస్టర్స్ డిగ్రీ నాటి లావుపాటి పుస్తకాల కింద అదిమిపెట్టాం. వాటికి అదే ఆఖరి ఉపయోగం అని నా భార్య ఎగతాళి. గాజు గ్లాసు బోర్లించి గీత గీసి కత్తిరించాం. బొమ్మలు మా అమ్మాయి వేసింది. దాని చేప కొంచెం పిల్లిలా ఉంటుంది. దాని తాబేలు నవ్వుతుంటుంది. వెనకవైపు పాతవాటికీ కొత్తవాటికీ తేడా తెలిసిపోతుంది కాబట్టి, అన్నిటికీ గుడ్డ సంచి లాంటి గుండ్రటి తొడుగులు నా భార్య కుట్టింది. చిరిగిన రాముడి రాజును మాత్రం పారేయలేదు, పెట్టె అడుగున ఉంది.

2020 దసరా నాడు మొదటి ఆట ఆడాం. నేను, మా అమ్మాయి, మూడో చెయ్యి బాపమ్మది. ఆమె ముక్కలను ఒక పుస్తకం చాటున ఫోన్ కెమెరా ముందు నా భార్య వరుసగా పేర్చింది. మేం తొంగిచూడకూడదు. ఆమె నిర్మల్ నుంచి "గొడ్డలి ఏడు వెయ్యి" అనేది, నా భార్య తీసి వేసేది. 89 ఏళ్ళ మనిషికి పడిన ముక్కలన్నీ గుర్తున్నాయి. ఐటీ వాణ్ణి, నాకు పదో చేతికే లెక్క తప్పింది. ఆట మధ్యలో ఇక్కడ పొద్దు గూకింది, అక్కడ ఇంకా ఎండ ఉంది. ఇప్పుడు తరువాతి ఆట రాముడిదా, కృష్ణుడిదా అని మా అమ్మాయికి పెద్ద సందేహం. బాపమ్మ ఆలోచించి, "పత్తాలు యాడుంటె ఆడి పొద్దే లెక్క" అని తీర్పు చెప్పింది. ఏ పుస్తకంలోనూ లేని నియమం అది, మా ఇంటికి మాత్రం శాసనం.

ఆ తర్వాత ఏడాదిన్నర నెలకు రెండు మూడుసార్లు ఆడాం. 2022 ఫిబ్రవరిలో బాపమ్మ పోయింది. ఆఖరి ఆటలో కూడా ఆమే గెలిచింది. ఆమె గొంతుతో మా దగ్గర 11 గంటల రికార్డింగు ఉంది. ఏ నియమం దగ్గర తగాదా వచ్చినా అది వేసుకుని వింటాం. ఇప్పుడు మా అమ్మాయికి 13 ఏళ్ళు. మూడో చేతికి నా భార్య కూర్చుంటుంది. కిందటి సంక్రాంతికి మా అమ్మాయి తన స్నేహితురాళ్ళు ఇద్దరికి నేర్పింది, ఒక తమిళ పిల్ల, ఒక చైనీస్ పిల్ల. ఆ పూట నన్ను ఆటలోకి రానివ్వలేదు.

ఆ బూడిద రంగు గోడ ఖాళీగా ఉంటే బాగుండదని కిందటిసారి హైదరాబాద్ వెళ్ళినప్పుడు ఒక నిర్మల్ చిత్రం కొని తెచ్చి తగిలించాను. గోడ కోసమే చేసిన బొమ్మ అది, గోడ మీద హాయిగా ఉంది. ముక్కలు చెక్కపెట్టెలో, తేమ పీల్చే చిన్న పొట్లాలతో పాటు, చేతికందే అరలో ఉన్నాయి.

శ్రోతలకు నాదొక చిన్న మనవి. మీ ఇళ్ళలో కూడా అమ్మమ్మగారి అష్టాచెమ్మా పలకో, వామనగుంటల పీటో, తాతగారి తాళపత్రమో, ఏదో ఒకటి గోడ మీదో షోకేసులోనో ఉండే ఉంటుంది. అందంగా పెట్టుకోండి, తప్పులేదు. కానీ మేకు కొట్టే ముందు ఊరికి ఒక ఫోన్ చేసి, దీంతో మీరేం చేసేవారు అని పెద్దవాళ్ళను అడగండి. అడిగేటప్పుడు రికార్డు నొక్కడం మర్చిపోకండి. నేను రెండేళ్ళు ఆలస్యం చేశాను. నా అదృష్టం కొద్దీ జవాబు చెప్పే మనిషి ఇంకా ఉంది.

ఇక్కడ టైము ఏడు కావస్తోంది. మా ఇంట్లో బట్ట పరిచే వేళయింది, ఈపూట కృష్ణుడి ఆట. మరి సెలవు తీసుకుంటాను. నమస్కారం.